ఫోటో బాగుంది, మరి పక్షి?

టెక్కలి: చలికాలం వచ్చిందంటే తేలినీలాపురం చెట్ల మీద సందడే సందడి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడికి చేరి గూళ్లు కడతాయి. గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చాక తీసుకుని వెళ్లిపోతాయి.

వాటి వెంటే జనమూ వస్తారు. పట్నం నుంచి వచ్చేవారి మెడలో కెమెరా, ఊరి కుర్రకారు చేతిలో సెల్‌ఫోను. తీసిన ఫోటోను పక్కవారికి చూపిస్తే వినిపించే మాట ఒక్కటే: ‘బాగుంది.’ ఆ మాటతో తీసినవాడు సంతోషిస్తాడు గాని నేర్చుకునేది లేదు. ‘ఏం బాగోలేదు’ అన్నా అంతే. ఏది కుదిరిందో, ఏది కుదరలేదో, ఈసారి ఏం చేయాలో చెప్పినప్పుడే అది పనికొచ్చే మాట.

ముందు కన్ను చూడాలి

పక్షి ఫోటోలో మొదట చూడవలసింది దాని కన్ను. కన్ను తేటగా కనిపిస్తే ఈక కొంచెం మసకగా ఉన్నా ఫోటో నిలుస్తుంది. తర్వాత వెలుగు. మిట్టమధ్యాహ్నం తీస్తే తెల్లని ఈకలు సున్నం కొట్టిన గోడలా తేలిపోతాయి. ‘పొద్దున్నే రండి బాబూ, సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుని తీయండి’ అంటే చాలు. ఎగిరే పక్షి రెక్కలు చెదిరిపోతే, సెకనులో వెయ్యో వంతు గాని, అంతకన్నా తక్కువ గాని సమయంలో తీయమని చెప్పవచ్చు.

కెమెరా సంగతులు తెలియని రైతు కూడా ఇక్కడ గురువే. పక్షులు గాలికి ఎదురుగా వాలతాయని పొలంలో తిరిగేవారికి తెలుసు. గాలి వీపుకు తగిలేలా నిలబడితే వాలే పక్షి ముఖం ఫోటోలో పడుతుంది. ఈ ఒక్క మాటతో తోక ఫోటోలు తీసేవాడు ముఖం ఫోటోలు తీస్తాడు.

బెదిరిందేమో చూడాలి

అసలు చూడవలసింది మరొకటి ఉంది. గూటిలో కూర్చోవలసిన తల్లి లేచి నిలబడిందా? పక్షులన్నీ ఒక్కసారిగా మెడలు చాచి కెమెరా వైపే చూస్తున్నాయా? అయితే ఆ ఫోటోలో ఉన్నది అందం కాదు, బెదురు.

తల్లి లేచిపోతే కాకి వచ్చి గుడ్డు తన్నుకుపోతుంది. గూడబాతు పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద ఈక ఉండదు. తల్లి నీడ లేకపోతే ఎండకు తాళలేదు. చప్పట్లు కొట్టి, రాయి విసిరి, డ్రోను ఎగరేసి పక్షుల్ని లేపి తీసిన ఫోటో ఎంత గొప్పగా వచ్చినా మెచ్చుకోకూడదు. ఒకరిని మెచ్చుకుంటే రేపు పదిమంది అదే పని చేస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అన్న మాటకు ఇచ్చిన అర్థంలోకి పక్షి గుడ్లను, గూళ్లను కదపడం కూడా వస్తుంది.

అలాగని తీసినవాడి మీద కేకలు వేస్తే ఫోను జేబులో పెట్టుకుని పోతాడు, మళ్లీ ఎవరికీ చూపించడు. ‘తమ్ముడూ, ముక్కు రంగు భలే వచ్చింది. కాని నిన్ను చూసి పక్షి లేచింది. ఇంకాస్త వెనక నిలబడి ఉంటే పిల్లకు మేత పెట్టేది, నీకు ఆ ఫోటో దొరికేది’ అంటే వింటాడు. ఆ మాట కూడా పదిమందిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పాలి.

పేరూ ఊరూ సరిచూడాలి

ఫోటో కింద రాసే రెండు ముక్కలనూ సరిచూడాలి. ‘సైబీరియా పక్షులు’ అని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియాతో వాటికి సంబంధం లేదు. తప్పు రాస్తే ఊరి పిల్లలూ అదే నేర్చుకుంటారు.

ఫోటో తీసినవారు సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారు. పక్షి మాత్రం ఆ కొమ్మ మీదే పిల్లల్ని సాకాలి. ‘బాగుంది’ అనే ముందు ఒక్కసారి ఆ గూటి వైపు చూడడం ఊరివారి వంతు.