ఊరి పాత చిరునామాను చెరపని యంత్రం

బీదర్ జిల్లాలోని కమలనగర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ ఏడు మైసూరు రాష్ట్రంలో కలిసింది, 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటక అయింది. ఔరాద్ తాలూకా కింద ఉన్న ఈ ఊరు 2018లో తానే తాలూకా కేంద్రమైంది. మరి కమలనగర్ తాలూకాలో గత ఇరవై ఏళ్లలో కంది సాగు పెరిగిందా అని ఎవరైనా అడిగితే? మొదటి సగం ఏళ్లలో ఆ పేరుతో తాలూకాయే లేదు!

డేటా ఇంజనీరుకు అసలు పరీక్ష ఇక్కడే. తాలూకా ఆఫీసు కంప్యూటర్ రైతుకు పహాణీ (భూమి, పంట వివరాల పత్రం) ఇవ్వాలంటే ఇవాళ్టి వివరం చాలు. కర్ణాటకలో 'భూమి' పథకం 2000 దశకం మొదట్లోనే దాదాపు 2 కోట్ల భూరికార్డులను కంప్యూటర్లకెక్కించింది. కానీ ఏళ్ల తరబడి లెక్క తీయడం వేరే పని. దానికోసం విడిగా ఒక నిల్వ ఉండాలని 1988లో ఐబీఎంకు చెందిన బ్యారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ రాశారు. డేటా వేర్‌హౌస్ కథకు అదే నాంది.

రాల్ఫ్ కింబాల్ 1996 నాటి తన పుస్తకంలో వివరించిన ఒక పద్ధతి నాకు ఈ వేర్‌హౌస్ యంత్రానికి ప్రాణంలా కనిపిస్తుంది. చిరునామా మారితే పట్టికలో పాత వరుసను దిద్దకూడదు. దానికి ముగింపు తేదీ వేసి, కింద కొత్త వరుస చేర్చాలి. అప్పుడు ఊరు 2017 వరకు ఔరాద్‌లో, తర్వాత కమలనగర్‌లో కనిపిస్తుంది. గ్రామాలవారీ లెక్కలుంటే ఇవాళ్టి సరిహద్దులతోనే పాతికేళ్ల కిందటి కంది విస్తీర్ణాన్నీ కూడవచ్చు.

వేగం తర్వాత వచ్చింది. పహాణీలో సర్వే నంబరు, హక్కుదారు, నేల, పంట, విస్తీర్ణం ఇలా ఎన్నో గడులు. కంది లెక్కకు గ్రామం, ఏడాది, పంట, విస్తీర్ణం చాలు. అందుకని ఒక్కో నిలువు గడిలోని విలువలన్నీ ఒకచోట దాచి, అడిగినవే చదివే పద్ధతి వచ్చింది. డేటాబేస్ పరిశోధకుడు మైఖేల్ స్టోన్‌బ్రేకర్ బృందం 2005లో ప్రకటించిన సీ-స్టోర్ డేటాబేస్ దానికి ఊపునిచ్చింది. ఒకే పంట పేరు వేలసార్లు వస్తుంది కాబట్టి కుదించడమూ తేలిక. 2012లో అమెజాన్ రెడ్‌షిఫ్ట్ సేవను ప్రకటించి వేర్‌హౌస్‌ను క్లౌడ్‌లో అద్దెకిచ్చింది. అదే ఏడు పుట్టిన స్నోఫ్లేక్ కంపెనీ నిల్వను, లెక్కింపును విడదీసింది. డేటా చౌకగా పడి ఉంటుంది, లెక్కించే యంత్రాలకు వాడినంతసేపే డబ్బు కడతాం.

ఊళ్ల చిరునామాలు మన దగ్గరా మారాయి: తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. ఈ వృత్తిలోకి వస్తున్న తెలుగు యువత ఏ క్లౌడ్ అని తేల్చుకునే ముందు, ప్రతి ఊరి వరుసకూ 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అనే రెండు గడులు పెట్టాలి.