థీమ్ పార్కుల్లో కొత్త ఆకర్షణలు: ఇతివృత్తం – స్థానౌచిత్యం

వ్యాససంగ్రహం:
థీమ్ పార్కులో చేర్చే కొత్త ఆకర్షణ రాణించాలంటే అది పార్కు ఇతివృత్తానికి చెందాలి, తగిన చోట నిలవాలి. ఈ అంశాన్ని రామోజీ ఫిల్మ్ సిటీ, సురేంద్రపురి ఆధారంగా ఔచిత్య దృష్టితో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: థీమ్ పార్కు, ఇతివృత్తం, స్థాననిర్ణయం, ఔచిత్యం, కథనక్రమం.

1. ప్రవేశిక

వినోద ఉద్యానాలన్నీ థీమ్ పార్కులు కావు. ఆటల యంత్రాలు ఒకచోట చేరితే అది వినోద ఉద్యానం. భవనాలు, దారులు, సంగీతం, సిబ్బంది దుస్తులు కలిసి ఒక కథాలోకాన్ని పోషిస్తే అది థీమ్ పార్కు. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యాన్ని కావ్యానికి జీవితంగా నిరూపించాడు. ఏ అంగమైనా తగిన చోట ఉన్నప్పుడే శోభిస్తుందన్న ఆ దృష్టి థీమ్ పార్కు నిర్మాణానికీ వర్తిస్తుంది.

2. స్థానం – అర్థం

1955లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ప్రారంభమైన డిస్నీల్యాండ్‌లో నడిమి కూడలి నుంచి వేర్వేరు కథాలోకాలకు దారులు చీలుతాయి. చుట్టూ పోసిన మట్టికట్ట బయటి ఊరిని కంటపడనీయదు. దాని పక్కనే ఉన్న మరో డిస్నీ పార్కులో, పాత హాలీవుడ్ హోటల్ రూపంలోని ఎత్తైన కట్టడాన్ని 2017లో ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ రైడ్‌గా మార్చారు. అంతరిక్ష కథకు చెందిన ఆ రూపం పాతకాలపు వీధుల నడుమ పొసగలేదన్న విమర్శ వచ్చింది. 2021లో దాని చెంతనే ‘అవెంజర్స్ క్యాంపస్’ వెలసిన తరువాత ఆ కట్టడానికి తగిన పరిసరం ఏర్పడింది. రైడ్ అదే, చోటూ అదే, మారింది సందర్భం.

3. తెలుగు నేలపై రెండు నమూనాలు

3.1 రామోజీ ఫిల్మ్ సిటీ: 1996లో హైదరాబాద్ సమీపంలో ఏర్పడిన ఈ నగరికి సినిమా నిర్మాణమే ఇతివృత్తం. ఇక్కడ జపనీస్ ఉద్యానం, మొఘల్ ఉద్యానం, రైల్వేస్టేషన్ ఒకే ఆవరణలో ఉన్నా వైరుధ్యం తోచదు. అవి సెట్లన్న ఎరుక సందర్శకుడికి ఉంటుంది. అందుకే ‘బాహుబలి’ చిత్రాల కోసం నిర్మించిన మాహిష్మతి సెట్టు చిత్రీకరణానంతరం సహజంగానే ప్రదర్శనలో కలిసిపోయింది.

3.2 సురేంద్రపురి: యాదగిరిగుట్ట సమీపంలోని ఈ పౌరాణిక ప్రదర్శనశాల స్వభావం వేరు. బ్రహ్మలోకం, విష్ణులోకం, కైలాసం, రామాయణ భారత భాగవత ఘట్టాలను సందర్శకుడు నడుస్తూ చూస్తాడు. ఇక్కడ దారే కథనం. ఇటువంటి చోట సముద్రలంఘన ఘట్టాన్ని కొత్తగా చేర్చదలిస్తే అది లంకాదహనానికి ముందే రావాలి. ఖాళీ స్థలం ఉన్నదని భారత ఘట్టాల నడుమ నిలిపితే శిల్పం ఎంత బాగున్నా కథ తెగుతుంది.

కాబట్టి ఇతివృత్తం విశాలమైనకొద్దీ చేర్పుకు స్వేచ్ఛ పెరుగుతుంది. అది కథనక్రమంపై ఆధారపడినకొద్దీ స్థానం నియమబద్ధమవుతుంది.

4. ముగింపు

నారాయణఖేడ్ ప్రాంతంలోని మనూరు వంటి చోట్ల నుంచి విహారయాత్రకు వెళ్లే విద్యార్థుల్లో కొందరికి పురాణగాథ పుస్తకంకన్నా ముందు శిల్పరూపంలోనే పరిచయం కావచ్చు. అక్కడ తారుమారైన క్రమమే వారి మనసులో కథగా స్థిరపడే ప్రమాదం ఉంది. అందువల్ల కొత్త ఆకర్షణ స్థాననిర్ణయాన్ని ఇంజనీర్లకు, వ్యాపార నిర్వాహకులకు మాత్రమే వదిలివేయక, కథ తెలిసిన సాహిత్య అధ్యాపకుల సలహాను ప్రణాళికా దశలోనే స్వీకరించడం అవసరం. తెలుగు పరిశోధకులు కావ్యాలతో పాటు ఇటువంటి దృశ్యకథనాలను కూడా అధ్యయన పరిధిలోకి తీసుకోవాలి.