రెప్ప వేయడం మరచిన కళ్ళు

ఆదివారం మధ్యాహ్నం. మీరు మంచం మీద బోర్లా పడుకుని టాబ్లెట్‌లో పాఠం చూస్తున్నారు. పాఠం అయిపోయింది. దాని తరువాత ఒక ఆట, ఆట తరువాత ఒక బొమ్మల కథ. గంటన్నర గడిచింది. తల ఎత్తి గోడ మీది కాలెండరు వైపు చూశారు. అంకెలు మసకగా ఉన్నాయి! రెండు మూడుసార్లు రెప్పలార్చాక మళ్ళీ తేటపడ్డాయి. కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగర. నుదుటి దగ్గర సన్నగా నొప్పి. ఇంతలో వంటింట్లోంచి అమ్మ కేక: "ఆ పలక అవతల పెట్టు, కళ్ళు పోతాయి!"

నిజంగా కళ్ళు పోతాయా? పోవు. అలాగని అమ్మ మాట ఉత్తదీ కాదు. అందులో సగం నిజం ఉంది. ఏ సగం నిజమో తేల్చుకోవాలంటే కన్ను ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి.

2020లో కరోనా వల్ల బడులు మూతబడినప్పుడు లక్షలాది పిల్లలు ఫోన్లలో, టాబ్లెట్లలో పాఠాలు విన్నారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు టాబ్లెట్లు పంచారు. కాబట్టి ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం కాదు. అయితే ఈ బాధ టాబ్లెట్‌తోనే పుట్టిందనుకోకండి. బెర్నార్డినో రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు 1700లో, వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. సన్నపనులు చేసేవాళ్ళ కళ్ళు పడే అవస్థను అందులో వర్ణించాడు. దగ్గరి వస్తువును అదే పనిగా చూస్తే కన్ను అలసిపోతుందని మనుషులకు ఏనాడో తెలుసునన్నమాట.

కంటిలో బిందె మోసే కండరం

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. కిటికీ దగ్గర నిలబడి, ముఖానికి జానెడు దూరంలో ఒక పెన్సిలు నిలువుగా పట్టుకోండి. ఒక కన్ను మూసి రెండో కంటితో పెన్సిలు కొన వైపు చూడండి. దూరంగా ఉన్న చెట్టు మసకబారింది కదూ? ఇప్పుడు చెట్టు వైపు చూడండి. చెట్టు తేటపడింది, పెన్సిలు మసకబారింది. రెండూ ఒకేసారి స్పష్టంగా కనబడవు. మీరు చూపు మార్చిన ప్రతిసారీ కంటి లోపల ఏదో మారుతున్నదన్నమాట. ఏమిటది?

కెమెరాలో అయితే కటకాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతారు. చేప కన్నూ అంతే, కటకాన్నే జరుపుకుంటుంది. మనిషి కన్ను చేసే పని వేరు. 1801లో థామస్ యంగ్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఈ సంగతి తేల్చడానికి తన కంటి మీదనే ప్రయోగాలు చేసుకున్నాడు. కంటి ముందుభాగాన్ని నీటిలో ఉంచితే, అక్కడి పారదర్శకపు పొర వంపు పనిచేయదు. అయినా కన్ను దగ్గరికీ దూరానికీ సర్దుకోగలిగింది. అంటే సర్దుకుంటున్నది బయటి పొర కాదు, లోపలి కటకమే. అది ఎలా సర్దుకుంటుందో 1855లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ వివరించాడు.

కంటి కటకం గాజులాగా గట్టిది కాదు, మెత్తనిది. దాని చుట్టూ సన్నని తంతువులు ఉంటాయి. వాటి అవతల ఉంగరంలాంటి సిలియరీ కండరం ఉంటుంది. మీరు దూరంగా చూసేటప్పుడు ఈ కండరం విశ్రాంతిగా ఉంటుంది. అప్పుడు తంతువులు బిగుసుకుని కటకాన్ని లాగి పలచగా ఉంచుతాయి. దగ్గరగా చూడాలంటే కండరం బిగుసుకోవాలి. అది బిగుసుకుంటే ఉంగరం చిన్నదవుతుంది, తంతువులు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది. అంటే దూరపు చూపు కంటికి విశ్రాంతి, దగ్గరి చూపు పని.

ఎంత పని? దీనికి సులువైన లెక్క ఉంది. వస్తువు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో, ఆ అంకెతో 1ని భాగించండి. కటకం ఎన్ని డయాప్టర్ల శక్తి అదనంగా తెచ్చుకోవాలో వస్తుంది. ఆరు మీటర్ల దూరంలోని చెట్టుకు ఆరో వంతు డయాప్టరు చాలు. దాదాపు ఏమీ లేనట్టే. అర మీటరు దూరంలోని టాబ్లెట్‌కు 2 డయాప్టర్లు. దాన్నే పావు మీటరు దగ్గరికి తెచ్చుకుంటే 4. దూరం సగమైతే పని రెట్టింపు! దీనికి తోడు రెండు కళ్ళూ ఒకే బిందువును చూడడానికి ముక్కువైపు తిరగాలి. టాబ్లెట్ దగ్గరైనకొద్దీ ఎక్కువ తిరగాలి. ఆ పని కళ్ళను తిప్పే బయటి కండరాలది.

నీళ్ళ బిందెను చంకనెత్తుకుని నూతి నుంచి ఇంటికి తేవడం కష్టం కాదు. ఆ బిందెనే చెయ్యి చాచి పట్టుకుని గంటన్నర కదలకుండా నిలబడమంటే? చెయ్యి పట్టేస్తుంది. దించిన తరువాత కూడా వేళ్ళు వెంటనే చాపలేం. టాబ్లెట్ చూసిన గంటన్నరలో మీ సిలియరీ కండరం చేసింది అచ్చంగా ఆ పనే. అందుకే కాలెండరు వైపు చూసినప్పుడు అది వెంటనే వదులు కాలేదు, అంకెలు కాసేపు మసకబారాయి. బిందె దించిన చెయ్యి కొంతసేపటికి బాగైనట్టే, కన్నూ బాగవుతుంది. ఈ అలసట వల్ల కన్ను శాశ్వతంగా చెడిపోదు.

దమయంతి పట్టుకున్న గుర్తు

మరి ఆ గరగర ఎందుకొచ్చింది? దీని సమాధానం దమయంతి కథలో ఉంది. స్వయంవరంలో నలుగురు దేవతలు నలుడి రూపంలో వచ్చి కూర్చున్నారు. అసలు నలుడితో కలిపి అయిదుగురు! దమయంతి అసలువాణ్ణి ఎలా పోల్చుకుంది? ఆమె చూసిన గుర్తుల్లో ఒకటి రెప్పపాటు. దేవతలు రెప్ప వేయరట. అందుకే వాళ్ళకు అనిమిషులని పేరు. రెప్ప వేసేవాడే మనిషి.

మనిషికి రెప్ప ఎందుకు వేయాలి? కంటి ముందున్న పారదర్శకపు పొరలో రక్తనాళాలు లేవు. రక్తం పారితే వెలుతురుకు అడ్డమవుతుంది గదా! కాబట్టి ఆ పొర తనకు కావలసిన ప్రాణవాయువును ఎక్కువగా గాలి నుంచే, కన్నీటి ద్వారా తీసుకుంటుంది. అందుకే దాని మీద ఎప్పుడూ ఒక పలచని కన్నీటి తెర ఉండాలి. ఈ తెరలో మూడు భాగాలు. అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన నూనె. జిగురు నీటిని కంటికి అంటిపెట్టుకునేలా చేస్తుంది. నూనె ఆ నీటిని త్వరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఈ నూనె రెప్పల అంచుల్లోని సన్నని గ్రంథుల నుంచి ఊరుతుంది. 1666లో వీటిని వర్ణించిన జర్మనీ వైద్యుడు మైబోమ్ పేరే వాటికి స్థిరపడింది. మీరు రెప్ప వేసిన ప్రతిసారీ గ్రంథులు నొక్కుకుని కాస్త నూనె వస్తుంది, తెర మళ్ళీ సమంగా పరుచుకుంటుంది. అలుకు ఆరకముందే మళ్ళీ అలికినట్టన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. 1993లో జపాను పరిశోధకులు కంప్యూటరు ముందు పనిచేసే ఉద్యోగుల రెప్పపాట్లు లెక్కపెట్టారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు. పుస్తకం చదివేటప్పుడు 10. కంప్యూటరు తెర చూసేటప్పుడు 7! మనసు దేనిమీదో లగ్నమైతే మనం రెప్ప వేయడం మరచిపోతాం. ఈలోగా కన్నీటి తెర చిరిగిపోయి అక్కడక్కడ పొడిబారుతుంది. పై నుంచి పంకా గాలి తిన్నగా ముఖానికి తగిలితే ఇంకా త్వరగా ఆరిపోతుంది.

మీరు గమనించారో లేదో, చాలాసేపు తెర చూస్తే ఒక్కోసారి కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారతాయి. పొడిబారిన కంటికి నీళ్ళెక్కడివి? కంటి పొర పొడిబారితే అక్కడి నాడులు మెదడుకు కబురు పంపుతాయి. మెదడు కన్నీటి గ్రంథులను ఒక్కసారిగా తెరుస్తుంది. అంటే ఆ నీరు కన్ను పొడిబారిందనడానికే గుర్తు.

మీ చెల్లెలో తమ్ముడో టాబ్లెట్ చూస్తున్నప్పుడు పక్కన కూర్చుని, గడియారం పట్టుకుని రెప్పపాట్లు లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నట్టు వాళ్ళకు చెప్పకండి సుమా! చెబితే కావాలని రెప్పలు వేస్తారు, లెక్క చెడుతుంది. తరువాత వాళ్ళతో కబుర్లు చెబుతూ మళ్ళీ లెక్కపెట్టండి. రెండు అంకెలూ పోల్చి చూడండి.

వెలుతురు సంగతి

దీపం ఆర్పేసి చీకట్లో టాబ్లెట్ చూడడం కొందరికి సరదా. కంటికి మాత్రం అది ఇబ్బంది. తెర ధగధగలాడుతుంది, చుట్టూ చీకటి. కన్ను దేనికి సర్దుకోవాలి? తెర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి. కాగితం కంటే తెర బాగా ప్రకాశంగా ఉంటే, తెర వెలుగు తగ్గించాలి లేదా గదిలో దీపం వేయాలి. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే సరిపోయినట్టే.

ఇంకో పరీక్ష. తెర ఆపేసి, మీరు మామూలుగా కూర్చునే చోటే కూర్చుని నల్లటి అద్దంలోకి చూడండి. కిటికీ కనిపిస్తోందా? ట్యూబులైటు కనిపిస్తోందా? మీరు పాఠం చదివేటప్పుడు అవన్నీ అక్షరాల మీద పరుచుకునే ఉంటాయి. కిటికీ వెనకవైపున కాకుండా పక్కకు వచ్చేట్టు కూర్చోండి. తెర మీది వేలిముద్రల జిడ్డును మెత్తని గుడ్డతో తుడవండి.

తెర నుంచి వచ్చే నీలికాంతి కళ్ళను పాడు చేస్తుందని మీరు వినే ఉంటారు. ఆరుబయట పగటి వెలుతురులో ఉండే నీలికాంతితో పోలిస్తే టాబ్లెట్ నుంచి వచ్చేది బహు స్వల్పం. నీలికాంతిని అడ్డుకునే కళ్ళద్దాల మీద జరిగిన 17 పరిశోధనలను 2023లో ఒకచోట చేర్చి పరిశీలించారు. మామూలు అద్దాలతో పోలిస్తే, కంటి అలసటను తగ్గించడంలో వాటి వల్ల ప్రత్యేక ప్రయోజనం కనబడలేదు. అయితే రాత్రిపూట కంటికి తగిలే వెలుతురు, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోనును తగ్గిస్తుంది. కాబట్టి పడుకోబోయే ముందు గంటసేపు టాబ్లెట్ ముట్టకపోవడం మంచిది.

అమ్మ మాటలో నిజం

ఇక అమ్మ మాటలోని నిజమైన సగానికి వద్దాం. ఎదిగే వయసులో కనుగుడ్డు కూడా ఎదుగుతుంది. కొందరిలో అది ఉండవలసిన దానికంటే పొడవవుతుంది. అప్పుడు దూరపు వస్తువుల ప్రతిబింబం కంటి వెనకనున్న నేత్రపటలం మీద పడకుండా దాని ముందే ఏర్పడుతుంది. దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరపువి మసకబారతాయి. దీన్ని హ్రస్వదృష్టి అంటారు. అలసట కాసేపట్లో పోతుంది కాని, పొడవైన కన్ను మళ్ళీ పొట్టి కాదు.

హ్రస్వదృష్టికి కొంత కారణం వంశపారంపర్యం. ఎక్కువసేపు దగ్గరి పని చేసే పిల్లల్లోనూ, ఆరుబయట తక్కువ తిరిగే పిల్లల్లోనూ ఇది ఎక్కువగా కనిపిస్తోంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మరికొన్ని బడుల్లో మామూలుగానే నడిపారు. మూడేళ్ళ తరువాత చూస్తే, మామూలు బడుల్లో నూటికి సుమారు 40 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. ఆరుబయట ఉన్నవారిలో సుమారు 30 మందికే వచ్చింది. ఈ ఫలితాలు 2015లో ప్రచురించారు. సాయంత్రం కబడ్డీ ఆడితే ఒళ్ళే కాదు, కన్నూ బాగుపడుతుందన్నమాట.

హ్రస్వదృష్టిలో ఒక చిక్కుంది. అది వచ్చిన సంగతి ఆ పిల్లవాడికే తెలియదు. బోర్డు అందరికీ అలాగే మసకగా కనిపిస్తుందనుకుంటాడు. పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటాడు. మాష్టారు "శ్రద్ధ లేదు" అని కోప్పడతారు. మీ తరగతిలో ఎవరైనా కళ్ళు చికిలించి బోర్డు చూస్తున్నా, తరచు తలనొప్పి అంటున్నా కంటి పరీక్ష చేయించుకోమని చెప్పండి. కళ్ళద్దాలు పెట్టుకుంటే చూపు ఇంకా తగ్గుతుందనేది వట్టి అపోహ. డాక్టరు చెప్పకుండా చుక్కల మందులు మాత్రం వేసుకోకండి.

ఇవి పాటించండి

టాబ్లెట్‌ను చేతిలో కాకుండా బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టండి. కంటికీ తెరకూ మధ్య కనీసం మోచేతి నుంచి పిడికిలి దాకా ఉన్నంత దూరం ఉండాలి. ఇంకాస్త ఎక్కువైతే మరీ మంచిది. అక్షరాలు చిన్నవైతే ముఖం దగ్గరికి తీసుకెళ్ళకుండా అక్షరాలనే పెద్దవి చేయండి. తెర పైఅంచు కంటి మట్టానికి కొంచెం కిందుగా ఉండాలి. చూపు కిందికి దిగితే రెప్ప కొంత వాలుతుంది, కన్ను తక్కువగా ఆరుతుంది.

ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడండి. ఈ మూడు ఇరవైల సూత్రాన్ని జెఫ్రీ ఆన్షెల్ అనే అమెరికా కంటి నిపుణుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఇరవై అడుగులంటే సుమారు 6 మీటర్లు. మన లెక్క గుర్తుందిగా? ఆరో వంతు డయాప్టరు! బిందె దించి చెయ్యి దులుపుకున్నట్టే. ఆ 20 సెకన్లలో పదిసార్లు నిదానంగా, పై రెప్ప కింది రెప్పను తాకేట్టు కళ్ళు మూసి తెరవండి.

ఈ వ్యాసం చదవడం మొదలుపెట్టి మీకు పది నిమిషాలైనా అయి ఉంటుంది. ఇంతసేపూ మీ సిలియరీ కండరం బిగుసుకునే ఉంది. ఇక పుస్తకం మూసి, వీధి చివరి చెట్టు మీద ఎన్ని కాకులున్నాయో చూసి రండి.