రేకు కొత్తది... జీపు పాతదే!

ఊళ్లోకి జీపు వచ్చిందంటే చాలు, పిల్లలంతా దుమ్ములో దాని వెనకాలే పరుగు. ఆ రోజులు ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ జీపులన్నింటికీ తాత రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్. ఎనభై ఏళ్లు దాటిన ఆ బండ్లను మళ్లీ రోడ్డెక్కించే సరదా ఉన్నవాళ్లు ఇప్పటికీ ఎందరో. మరి, తుప్పు తినేసిన భాగాలు ఎక్కణ్నుంచి వస్తాయి? చాలావరకూ చేత్తో చేసుకోవాల్సిందే!

అమెరికా సైన్యం 1940లో 49 రోజుల్లో నమూనా బండి కావాలని అడిగితే, బాంటమ్ కంపెనీ సెప్టెంబరు 23న తెచ్చి అప్పగించింది. ఆ తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక మిగిలినవాటిని వేలం వేశారు. మన దేశంలో మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది.

అయితే ఆ భాగాలే వేసుకోవచ్చుగా అనిపిస్తుంది. కొన్ని సరిపోతాయి కానీ బాడీ రేకులు కుదరవు. యుద్ధం జీపు ముందు జల్లెడకు తొమ్మిది గాళ్లుంటే, తర్వాతి వాటికి ఏడే. యుద్ధం జీపుకి వెనక తలుపు ఉండదు. హెడ్‌లైటు పైకి తిప్పితే రాత్రిపూట ఇంజిన్ మీద వెలుగు పడుతుంది. ఆ మడత బందు విరిగితే దాన్నీ అచ్చం అలాగే చేయాలి.

చెక్కతో చిక్కు

ఈ జీపుల్లో ముందుగా పాడయ్యేది నేల. బలం కోసం దానికింద టోపీ ఆకారంలో వంచిన ఇనుప పట్టీలు అతికి, లోపల చెక్క దిమ్మెలు పెట్టారు. వాననీటిని చెక్క పీల్చుకుంటుంది. ఆ తేమకు రేకు లోపలి నుంచే తుప్పు పడుతుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతుంది!

అట్టే కొలత

పని అట్టముక్కతో మొదలవుతుంది. పాడైన చోట అట్ట ఆనించి, ఆకారం గీసి, కత్తిరిస్తారు. ఆ వైపు పూర్తిగా పోతే, బాగున్న రెండో వైపు కొలిచి అట్టను తిరగేస్తారు. తుప్పు పట్టని చోట రేకు మందం చూసి, అదే మందం కొత్త రేకు తెస్తారు. వంచడానికి చెక్కదిమ్మె, గుండ్రానికి ఇసుక సంచి, సాపు చేయడానికి సుత్తి, డాలీ... మన టింకరింగ్ షెడ్డులో ఉండేవే. అతికేటప్పుడు ఒకేచోట వరసగా వెల్డింగ్ చేస్తే వేడికి రేకు మెలితిరుగుతుంది. అందుకే ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, చల్లారాకే తర్వాతిది.

పోత భాగాలతో ఇంకో చిక్కు. పాత భాగాన్నే అచ్చుగా పెట్టి పోత పోస్తే కొత్తది చిన్నదవుతుంది. చల్లారేటప్పుడు పోత ఇనుము సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది మరి! అందుకే అచ్చును ఆ మేరకు పెద్దగా చేస్తారు. బ్రేకులు, స్టీరింగు విషయంలో ఆకారం కుదిరితే సరిపోదు. ఉక్కు రకం, దాన్ని గట్టిపరిచే తీరూ తెలిసినవాళ్లే చేయాలి. అక్కడ పొరపాటైతే పోయేది ప్రాణాలు.

ఏది అసలు?

ఇంత కష్టమెందుకు, కొత్త బాడీ కొనేస్తే పోలా అనొచ్చు. నిజమే, ఫిలిప్పీన్స్‌లో అచ్చం పాతదానిలాంటి బాడీలే తయారుచేస్తున్నారు. కానీ అది బిగిస్తే యుద్ధం చూసిన రేకు మొత్తం పాత సామాన్ల కొట్టుకే. అందుకే చాలామంది పోయినంత మేరకే కోసి, అతుకు వేస్తారు.

ఫోర్డ్ కంపెనీ తన జీపుల్లో బోల్టుల మీద కూడా 'ఎఫ్' అక్షరం ముద్రించింది. ఇప్పుడు ఆ అక్షరంతో కొత్త బోల్టులూ దొరుకుతున్నాయి. మరి రేపు కొనేవాళ్లకు ఏది అసలో, ఏది కొత్తదో తెలిసేదెలా? కొత్త భాగం లోపలివైపు చేసిన ఏడాది చెక్కి ఉంచడం మంచి పద్ధతి.

మీకు తెలిసినవాళ్ల షెడ్డులో ఇలాంటి జీపు ఉందా? విరిగిన బందుల్నీ, చిల్లుపడ్డ రేకుల్నీ పారేయొద్దని చెప్పండి. కొత్తది చేసేవాడికి ఆ తుప్పు ముక్కే నమూనా!