చచ్చిందనుకున్న కంప్యూటర్ బోర్డుకు మళ్ళీ ప్రాణం
తూకానికి అమ్మేముందు ఒకసారి చూడాలి

కేసముద్రం: స్విచ్ వేస్తే వెలగని పాత కంప్యూటర్‌ను ఇనుప సామాన్ల వారికి తూకానికి అమ్మేయడం మామూలైపోయింది. లోపలి పెద్ద బోర్డు, అంటే మదర్‌బోర్డు, 'పోయింది' అని ఒక్క మాటతో తేల్చేస్తారు. తీరా చూస్తే చాలా సందర్భాల్లో పాడైంది కొద్ది రూపాయలకు దొరికే బ్యాటరీయో, కండెన్సరో అయి ఉంటుంది. రేడియోలు, టీవీలు బాగుచేసిన చేతికి ఇది కొత్త విద్య కాదు.

మార్కెట్ యార్డు ఉన్న ఇలాంటి ఊళ్ళో దీని అవసరం వేరే చెప్పనక్కరలేదు. తక్‌పట్టీలు, బాకీల చిట్టాలు ఒకప్పుడు పాత కంప్యూటర్‌లో ఎక్కించినవారికి బోర్డుతో పాటు ఆ లెక్కలూ అందకుండా పోతాయి. ఆనాటి డిస్కును నేటి కంప్యూటర్‌కు నేరుగా తగిలించే వీలు లేదు.

మొదట చూడవలసింది బ్యాటరీని. 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన 286, 386, 486 రకం బోర్డుల మీద చిన్న పీపా ఆకారంలో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీని అతికించేవారు. తేదీ, సమయం, డిస్కు వివరాలు గుర్తుంచుకోవడానికే అది. ఏళ్ళు గడిచాక అందులోని క్షారం కారి, బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తే దోషం అక్కడే. బ్యాటరీ ఊడదీసి, వెనిగర్‌తో గాని నిమ్మరసంతో గాని మెత్తని బ్రష్‌తో రుద్ది, మంచినీటితో కడిగి, ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరబెట్టాలి. తెగిన గీతలను సన్నని తీగతో కలపాలి. కంటికి బాగానే ఉన్న గీత కూడా తెగి ఉండవచ్చు కనుక ఒక్కొక్కటీ మీటరుతో చూడక తప్పదు. ఒక పూట పట్టే పని ఇది.

కొత్త బ్యాటరీ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. బోర్డు పాత బ్యాటరీని చార్జింగ్ చేసేది. బిళ్ళ ఆకారపు లిథియం బ్యాటరీకి చార్జింగ్ పనికిరాదు. అందుకే మధ్యలో డయోడ్ వేస్తారు.

స్విచ్ వేయగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతే అది షార్ట్‌కు గుర్తు. నీటిబొట్టు ఆకారపు టాంటలం కండెన్సర్లు, ముఖ్యంగా 12 వోల్టుల లైన్‌లోవి, ఇలా షార్టవుతాయి. వీటి మీది గీత ప్లస్‌ను చూపుతుంది. మామూలు గొట్టం కండెన్సర్ మీది గీత మైనస్‌ది. తిరగేసి బిగిస్తే పేలుతుంది. కళ్ళద్దాలు పెట్టుకుని పనిచేయడం మేలు.

బోర్డును అనుమానించే ముందు పవర్ సప్లయ్‌ని కూడా పరీక్షించాలి. 5, 12 వోల్టులు సరిగా వస్తున్నాయా చూడాలి. ఏటీ రకం పవర్ సప్లయ్‌కి రెండు కనెక్టర్లు ఉంటాయి. వాటి నల్ల తీగలు మధ్యలో పక్కపక్కన రావాలి, మారిస్తే బోర్డు కాలిపోతుంది. పవర్ సప్లయ్ లోపల మాత్రం తెలియనివారు చేయి పెట్టరాదు. 230 వోల్టుల కరెంటు అక్కడ 325 వోల్టుల దాకా చేరి, ప్లగ్ తీసినా కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఇవన్నీ బాగుండి కూడా తెర మీద ఏమీ రాకపోతే స్పీకరు మోత వినాలి. చాలా బోర్డుల్లో ఒక్క చిన్న బీప్ వస్తే పరీక్ష ముగిసినట్టు. మోత ఆగకుండా వస్తుంటే మెమొరీని తీసి, కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగించాలి. సాకెట్లలో ఉన్న చిప్పులు వేడికీ చలికీ కొద్దికొద్దిగా పైకి లేస్తాయి. వేలితో నొక్కితే బోర్డు లేచి కూర్చున్న సందర్భాలు లేకపోలేదు!

సామాన్లకు రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళవలసిందే. కండెన్సర్లు, డయోడ్లు కోఠి గుజరాతీ గల్లీలోనూ, కంప్యూటర్ విడిభాగాలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ దొరుకుతాయి.

ప్రాణం వచ్చిన బోర్డు తరచుగా 1980 జనవరి 1 అని తేదీ చూపుతుంది. భయపడనక్కరలేదు, బ్యాటరీ లేనన్నాళ్ళూ దానికి కాలం తెలియలేదంతే. తేదీ సరిచేసి, డిస్కు మీది అట్టపై ఉన్న అంకెలు చూసి డిస్కు రకం ఎక్కించాలి. లేకుంటే అది డిస్కును గుర్తుపట్టదు. ఆ వెంటనే లెక్కలన్నీ వేరే చోటికి కాపీ చేసుకోవాలి.