బిడ్డ కంప్యూటర్ కోర్సుకు డబ్బులు పంపే ముందు

ఇంటర్ పాసైన బిడ్డ "నాన్నా, కంప్యూటర్ కోర్సు చేస్తా" అని ఫోన్ చేస్తే ఎవరికైనా సంతోషమే. ఓవర్‌టైం చేసైనా ఫీజు పంపుతారు. పంపండి, కానీ ముందు కొంచెం ఆగి ఇది చదవండి.

కంప్యూటర్ చదువంటే ఒక్క కోడింగే కాదు. సైట్ గేటు దగ్గర మీరు వేలు పెట్టే హాజరు మిషన్, ఆ గంటల లెక్క, జీతం బ్యాంకులో పడటం, ఇదంతా నడిపేది ఇన్ఫర్మేషన్ సిస్టమ్సే. అందులో నెట్‌వర్క్, డేటాబేస్, హెల్ప్‌డెస్క్ పనులుంటాయి. ఇగ్నోలో ఇంటర్ మీద దూరవిద్యలో బీసీఏ ఉంది. మూడేళ్ల కోర్సు, ఆరేళ్ల దాకా గడువు. పని చేసుకుంటూ మీరైనా చదవొచ్చు!

అసలు భయం కోర్సు అయ్యాక. థాయిలాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగమని చెప్పి, కంప్యూటర్ వచ్చిన మన పిల్లల్ని దొంగదారిన మయన్మార్ దాటించి, అక్కడ బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. 2022లో మన విదేశాంగ శాఖే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఇంగ్లీషు వచ్చు, డిగ్రీ ఉంది, మావాడు మోసపోడు అనుకోకండి. వాళ్లు వెతికేది అలాంటి పిల్లల్నే.

ఉద్యోగానికి విజిట్ వీసా మీద పొమ్మన్నాడా? వద్దనండి. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడమనండి. లైసెన్స్ ఉన్నా, సర్వీస్ ఛార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగమనండి.