బ్రేకు పెద్దదైతే సరిపోదు.. చక్రంలో చోటుండాలి

స్పోర్ట్స్ కారుకు పెద్ద బ్రేకులు తెప్పించారు. పాతవి విప్పి కొత్తవి బిగించారు. తీరా చక్రం ఎక్కించబోతే కాలిపర్‌కు తగిలి ఆగిపోయింది. ఒక రకంగా ఇది అదృష్టమే. ఎక్కినట్లే ఎక్కి, వేగంగా మలుపు తిరిగేటప్పుడు రాపిడి మొదలైతే ముప్పు అంతకంటే ఎక్కువ. అల్లాయ్ చక్రం లోపలి గోడ కోసుకుపోయి గాలి ఒక్కసారిగా దిగిపోవచ్చు.

జపాన్‌కు చెందిన సుబారు సంస్థ తయారు చేసిన ఇంప్రెజా కార్లు ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలో 2004 మోడల్ డబ్ల్యూఆర్‌ఎక్స్ కారు 16 అంగుళాల చక్రాలతో వచ్చింది. అదే మోడల్ సంవత్సరంలో ఎస్‌టీఐ రకానికి 17 అంగుళాల చక్రాలు, బ్రెంబో బ్రేకులు అమర్చారు. వాటి ముందు డిస్కు వ్యాసం 326 మిల్లీమీటర్లు. కాలిపర్‌లో నాలుగు పిస్టన్లు. ఆ బ్రేకులను డబ్ల్యూఆర్‌ఎక్స్‌కు మార్చుకోవడం అభిమానుల్లో పరిపాటి అయింది. పాత చక్రాలు మాత్రం వాటికి పనికిరావు.

కారణం చిన్న లెక్కలో ఉంది. 16 అంగుళాలంటే 406 మిల్లీమీటర్లు. డిస్కు 326 పోగా ఒక్కో వైపు 40 మిల్లీమీటర్లు మిగలాలి. కాగితం మీద చాలినట్లే కనిపిస్తుంది. అయితే 16 అంగుళాలన్నది టైరు అంచు కూర్చునే చోటి కొలత. టైరు ఎక్కించే వీలు కోసం చక్రంలో లోతైన గాడి ఉంటుంది. ఆ లోతు, లోహం మందం తీసివేస్తే మిగిలేది సుమారు సగమే. డిస్కును దాటి పైకి లేచిన కాలిపర్ వీపు అందులోనే ఇమడాలి.

రెండో చిక్కు చువ్వల వద్ద వస్తుంది. కాలిపర్ ముఖం చక్రం చువ్వల వెనుక భాగానికి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ వ్యాసం ఏమీ చెప్పదు. 17 అంగుళాలవైనా కొన్ని చక్రాలు తగులుతాయి. ఆఫ్‌సెట్ అంకె ఒకటే అయినా చువ్వల వంపును బట్టి ఫలితం మారుతుంది. అందుకే ‘ఫలానా సైజు చాలు’ అన్న దుకాణదారు మాటను నమ్మి డబ్బు కట్టడం తొందరపాటే.

బ్రేకుల తయారీదారులు చాలామంది కాలిపర్ ఆకృతితో కొలత చిత్రాలు ఇస్తారు. దాన్ని అసలు సైజులో ముద్రించి, స్కేలుతో ఒకసారి సరిచూసి, అట్టకు అంటించి కత్తిరించుకోవాలి. చక్రం లోపలి వైపు నుంచి హబ్ ఆనే చోట ఆ అట్టను నిలిపి చుట్టూ తిప్పితే విషయం తేలిపోతుంది. కొనకముందే చేయదగిన పరీక్ష ఇది. ఖర్చు లేదు.

బ్రేకులు బిగించాక మరో పరీక్ష. కారును జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, కాలిపర్ పైన, ముఖం మీద పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి ఉంచాలి. చక్రం పెట్టి నట్లన్నీ బిగించి చేతితో ఒక పూర్తి చుట్టు తిప్పాలి. విప్పి చూస్తే మట్టి ఎంత మందం మిగిలిందో అంతే ఖాళీ ఉన్నట్లు. కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలన్నది సాధారణంగా పాటించే హద్దు. కదిలే కాలిపర్లయితే కొత్త ప్యాడ్లతోనే ఈ పరీక్ష చేయాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ లోపలికి జరిగి చువ్వల వైపు ఖాళీ పెరుగుతుంది.

బ్యాలెన్సింగ్ కోసం చక్రం లోపల అతికించే తూకం ముక్కలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అవి సరిగ్గా కాలిపర్ మీదుగానే తిరుగుతాయి. తర్వాత ఎప్పుడు బ్యాలెన్సింగ్ చేయించినా చక్రాన్ని చేతితో ఒకసారి తిప్పి చూడటం మేలు.

చోటు చాలకపోతే స్పేసర్లు వేయడం సులభమార్గం. అవి చువ్వల వైపు ఖాళీనే పెంచుతాయి, పై ఖాళీని కాదు. పైగా స్పేసరు మందం మేర నట్టుకు పట్టు తగ్గుతుంది. సుబారు స్టడ్డు మందం 12 మిల్లీమీటర్లు, మరకు మరకు దూరం 1.25. కనీసం స్టడ్డు మందమంత పట్టు ఉండాలంటే నట్టు దాదాపు పది చుట్లు తిరగాలి. అంతకు తక్కువైతే పొడవైన స్టడ్లు తప్పనిసరి.

మన రాష్ట్రాల్లో ఇలాంటి మార్పులు చేయించదలచినవారు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను దృష్టిలో ఉంచుకుని ముందే రవాణా కార్యాలయంలో వాకబు చేసుకోవాలి.

చివరగా డిక్కీలోని స్టెప్నీని కూడా కొత్త బ్రేకు మీద పెట్టి చూడాలి. నాలుగు చక్రాలూ మార్చినవారు దీన్ని మరిచిపోతారు. పాత సైజు స్టెప్నీ ముందు ఇరుసుకు ఎక్కకపోతే, పంక్చరైన రాత్రి వెనుక చక్రం విప్పి ముందుకు వేసి, స్టెప్నీని వెనుక బిగించుకోవాల్సి వస్తుంది. వెనుక బ్రేకులూ పెద్దవి చేయించినవారికి ఆ దారి కూడా ఉండకపోవచ్చు.